పశువుల డాక్టరును అడగండి: ఎర్ర చీర, కొత్త ఎద్దు

ప్రశ్న: ఈమధ్యే అంగడిలో ఒక ఎద్దును కొన్నాం. ఎర్ర చీరతో గడ్డి వేయడానికి వెళితే బెదిరి కొమ్ము విసిరింది. ఎరుపంటే ఎద్దుకు కోపమని, ఆ చీరతో కొట్టంలోకి వెళ్లొద్దని మా అత్తమ్మ అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: చీర మార్చాల్సిన పని లేదమ్మా. మన కంట్లో రంగును గుర్తించే కణాలు మూడు రకాలు. ఆవులకు, ఎద్దులకు రెండే. నీలాన్నీ పసుపునూ అవి వేరు చేసుకోగలవు కానీ ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా పట్టుకోవడం వాటికి కష్టం. స్పెయిన్‌లో ఎద్దు ముందు ఎర్ర గుడ్డ ఊపుతారని మీ అత్తమ్మగారు వినే ఉంటారు. ఆ ఎద్దు మీదికి దూకేది గుడ్డ కదలిక చూసే.

మీరు ఏ వైపు నుంచి వెళ్లారో రాయలేదు. వెనక నుంచే అయ్యుంటుందని నా అనుమానం. ఎద్దు కళ్లు తలకు చెరో పక్కన ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు 330 డిగ్రీల మేర కనిపిస్తుంది. తోక వెనక మాత్రం ఏమీ కనిపించదు. అక్కడి నుంచి హఠాత్తుగా పక్కకు వచ్చి, గాలికి కొంగు ఎగిరిందంటే, కొత్త చోటికి వచ్చిన పశువు బెదరకుండా ఎలా ఉంటుంది? కొంగు దోపుకొని, దూరం నుంచే పలకరిస్తూ, భుజం వైపు నుంచి వెళ్లండి.

ఈ సందర్భంలో ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. అంగడిలో డీసీఎం ఎక్కించేటప్పుడు ఎద్దు పలక దగ్గర ఆగిపోతే తోక మెలిపెడతారు, ములుకర్రతో పొడుస్తారు. చూసినప్పుడల్లా నా ప్రాణం విలవిల్లాడుతుంది. అది మొండికేయడం కాదు. రెండు కళ్లూ కలిసి చూసేది ముందున్న ఇరుకైన మేరలోనే. లోతు సరిగ్గా తెలిసేదీ అక్కడే. పలక మీద పడిన నీడ దానికి గుంటలా అనిపించవచ్చు. పైగా మండుటెండలో నిలబడ్డ కన్ను బండి లోపలి చీకటికి అలవాటు పడాలంటే కొంత సమయం పడుతుంది. పలక మీద గడ్డి పరచండి. బండి లోపలికి వెలుతురు పడేలా తిప్పి పెట్టండి. పగ్గం కాస్త వదిలితే తల దించి, వాసన చూసి, తనంతట తానే అడుగు వేస్తుంది. ఆ రెండు నిమిషాలు ఓపిక పట్టండి, మీకు దండం పెడతాను.

ప్రశ్న: మేక కంటిపాప అడ్డంగా ఎందుకుంటుంది?
- ఒక విద్యార్థి, కల్వకుర్తి

జవాబు: మేసే జంతువుకు ఆపద నేల మీది నుంచే వస్తుంది. అడ్డపాప వల్ల నేలకు సమాంతరంగా చాలా దూరం స్పష్టంగా కనిపిస్తుంది, పైనుంచి పడే ఎండ తగ్గుతుంది. మరి తల వంచితే పాప నిలువుగా తిరిగిపోవాలి కదా? తిరగదు. కనుగుడ్డే 50 డిగ్రీల దాకా తిరిగి పాపను మళ్లీ నేలకు సమాంతరంగా తెస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మార్టిన్ బ్యాంక్స్ బృందం 2015లో దీన్ని వివరించింది. మేత దగ్గర పక్కన కూర్చుని గమనించు బాబూ, నీకే కనిపిస్తుంది.

ప్రశ్న: అమ్రాబాద్ అడవిలో పులి అంత నారింజ రంగులో ఉంటే జింకలు పసిగట్టవా?
- ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: జింకకూ ఎద్దులాగే రెండు రకాల కణాలే. నారింజ రంగు దాని కంటికి చుట్టూ ఉన్న ఆకుల రంగులోనే కలిసిపోతుంది, చారలు గడ్డి నీడల్లో కలిసిపోతాయి. క్షీరదాల వెంట్రుకల్లో ఆకుపచ్చ వర్ణకం తయారు కాదు. అందుకని పులికి నారింజతోనే పని జరిగిపోతోంది.