చిన్న సంచీ తీసుకో చెల్లీ

పర్లాకిమిడి,
ఆగస్టు 10

చి.ల.సౌ. చెల్లికి,

అక్క ఆశీర్వదించి రాయునది. నిన్న నువ్వు ఫోన్‌లో అమెరికాలో ఆపిల్ తోటకి వెళ్ళడం గురించి అడిగినదానికి సగమే చెప్పాను, ఇంతలో కరెంటు పోయింది. మళ్ళీ ఫోన్ చేసి చెప్పొచ్చు గానీ, ఫోన్‌లో చెబితే నువ్వు వింటావు, మరిచిపోతావు. కాగితం మీద ఉంటే అమెరికా దాకా పట్టుకెళ్తావు.

అబ్బాయి వాళ్ళు మిమ్మల్ని ఆపిల్ తోటకి తీసుకెళ్తామన్నారని చెప్పి, "మన జీడితోటల్లో కోసినవాళ్ళకి మనమే కూలి ఇస్తాం, అక్కడ కోయడానికి మనమే డబ్బు కట్టాలా" అని నవ్వావు చూడు, మొదటిసారి మీ బావగారూ అదే అన్నారు. లెక్క అంతే మరి. తోటవాడికి కోత కూలి మిగులుతుంది, పట్నం వాళ్ళకి ఆదివారం గడుస్తుంది. పెద్దదాని ఇంటికి వెళ్ళినప్పుడల్లా వెళ్ళాం, ఇప్పటికి మూడుసార్లు. స్టో, బోల్టన్ అని బోస్టన్‌కి పడమటి వైపు చిన్న ఊళ్ళు, కారులో గంట లోపు. మీ వాడుండేదీ ఆ చుట్టుపక్కలే కాబట్టి వాటిలో ఏదో ఒకదానికే తీసుకెళ్తాడు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది సంచీ సంగతి. లోపలికి వెళ్ళేముందు సంచీ కొనాలి. చాలా తోటల్లో టికెట్టూ అదే, కొలతా అదే. తూకం ఉండదు, అందులో ఎన్ని పడితే అన్ని మనవి. ఒకటి పెక్, ఇంకొకటి హాఫ్ బుషెల్. మన మానిక, కుంచం లాంటి పాత కొలతల పేర్లు. పెక్‌లో సుమారు 10 పౌన్లు, అంటే నాలుగున్నర కిలోలు పడతాయి. హాఫ్ బుషెల్‌లో దానికి రెట్టింపు. ధర మాత్రం రెట్టింపు ఉండదు. సరిగ్గా అక్కడే మన బుద్ధి గడ్డి తింటుంది.

మేం మొదటిసారి రెండు హాఫ్ బుషెల్ సంచీలు కొన్నాం. పీకల దాకా నింపి, పైన గోపురం కట్టి, మోసుకొచ్చాం. పద్దెనిమిది కిలోలు! ఇంట్లో ఉన్నది అయిదుగురు, అందులో ఒకరికి పళ్ళు రాలేదు, ఒకరికి పళ్ళు ఊడిపోయాయి (ఇది మీ బావగారికి చెప్పకు). ఫ్రిజ్ నిండా ఆపిల్సే. మూడో రోజుకి కొత్తిమీర, పాలకూర పసుపెక్కిపోయాయి. కోశాక కూడా ఆపిల్ ఇథిలీన్ అనే వాయువు వదులుతూనే ఉంటుందట, అది తగిలితే ఆకుకూరలు తొందరగా ముదిరిపోతాయి. ఆ సంగతి అల్లుడు నాలుగో రోజున చెప్పాడు. అప్పటికి కూరలన్నీ చెత్తబుట్టలోకి వెళ్ళిపోయాయి. కాబట్టి ఇంటికంతటికీ ఒక్క పెక్ చాలు. "ఇంత దూరం వచ్చాం కదా" అన్న మాట మరిది గారి నోట వచ్చిందంటే నువ్వు గట్టిగా కాదను. రద్దీ రోజుల్లో కొన్ని తోటల్లో మనిషికో టికెట్టో, అందరికీ సరిపడా సంచీలో కొనాలని నియమం పెడతారు. అది వాళ్ళ తోట, బేరం ఆడకండి.

వెళ్ళే రోజు పొద్దున్నే ఆ తోట వాళ్ళకి ఫోన్ చేయించు, లేదా వాళ్ళ పేజీ చూడమను. ఏ రకం కోతకి వచ్చింది, ఏది అయిపోయింది అన్నది రోజురోజుకీ మారుతుంది. 2023లో మేం ఆ పని చెయ్యకుండా వెళ్ళి గేటు దగ్గర నుంచే తిరిగొచ్చాం. ఆ ఏడు మే 18 తెల్లవారుజామున న్యూ ఇంగ్లండ్‌లో (బోస్టన్ చుట్టుపక్కల రాష్ట్రాలు), న్యూయార్క్ వైపు గడ్డకట్టే చలి పడింది. చెట్లు సరిగ్గా పూత, పిందె మీద ఉన్న సమయం. మన మామిడి పూత మీద పొగమంచు పడితే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా? చాలా తోటల్లో కాపు సగానికి పైగా పోయింది. మిగిలిన కొద్దిపాటి పండ్లని మొదటి రెండు వారాల్లోనే జనం కోసేశారు.

శని, ఆదివారాలు వద్దు. అక్టోబరులో కొలంబస్ డే సెలవు ఉంటుంది, ఆ మూడు రోజులూ అసలు వద్దు. కారు పెట్టడానికే మన గుండిచా రథయాత్రంత రద్దీ. అబ్బాయికి ఇంటి నుంచి పనిచేసే రోజు ఏదో ఉంటుంది కదా, ఆ రోజు పొద్దున పదింటికి వెళ్ళి భోజనం వేళకి వచ్చేయండి. పులిహోర పట్టుకెళ్తాననుకుంటున్నావేమో, చాలా చోట్ల తోట లోపల బయటి తిండి తిననివ్వరు. కారు దగ్గర బల్లలుంటే అక్కడ తినండి.

చీర కట్టుకోకు. నా మాట విను. పొద్దున గడ్డి మీద మంచు ఉంటుంది, కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ముద్దవుతాయి. చుడీదార్ వేసుకుని, సాక్సులు పైకి లాగి, ప్యాంటు అంచు వాటిలోకి దోపుకో. చూడ్డానికి బాగోదు, ఫోటోలో కాళ్ళు పడకుండా చూసుకుందువు గాని. అక్కడ గడ్డిలో టిక్స్ అని పిడుదుల్లాంటివి ఉంటాయి. జింకల మీద తిరిగే రకం కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు. తోట మధ్యలో అంత భయం లేదు గానీ, అంచుల్లో పొదల దగ్గరికి వెళ్ళకు. ఇంటికొచ్చాక స్నానం చేసేటప్పుడు మోకాళ్ళ వెనక, చంకల్లో, మెడ దగ్గర ఒకసారి చూసుకో. మనవరాలికీ చూడు.

ఇక కోత. చెట్లు చూసి నువ్వు ఆశ్చర్యపోతావు. సినిమాల్లో చూసినట్టు పెద్ద పెద్ద చెట్లు కావు. పొట్టిగా పెరిగే వేరు మీద అంటు కట్టి పెంచుతారు, కొన్ని చోట్ల బీరపందిరిలా తీగలకి ఆనించి వరుసలుగా నిలబెడతారు. ఎక్కే పని లేదు, ఎక్కనివ్వరు కూడా. నిలబడే కోసుకోవచ్చు. జెండా పాతిన వరుసల్లోనే కోయాలి, తాడు కట్టిన వరుసల్లోకి వెళ్ళకూడదు.

మొదటి ఏడాది నేను మన జామచెట్టు అనుకుని కొమ్మ వంచి పండుని కిందికి లాగాను. పండుతో పాటు చిన్న పుల్ల ఊడొచ్చింది. ఊగిన కొమ్మ నుంచి ఇంకో మూడు నేల రాలాయి. పక్క వరుసలో పనిచేస్తున్న ఒకాయన చూశాడు. కోప్పడలేదు. దగ్గరకొచ్చి, పండు కింద అరచెయ్యి పెట్టి, కొమ్మ వైపుకి పైకెత్తి, కాస్త తిప్పాడు. తొడిమతో సహా చేతిలోకొచ్చేసింది. ఆ తర్వాత నేను ఊడబెరికిన పుల్లని చూపించి, దాని చివరనున్న చిన్న బుడిపెని గోటితో తాకి, "నెక్స్ట్ ఇయర్" అన్నాడు. వచ్చే ఏడు పూయాల్సిన మొగ్గ ఈ ఏటి పండు పక్కనే కట్టి ఉంటుందట. పండు లాగితే అదీ పోతుంది. నాకు సిగ్గేసింది.

ఆయనది జమైకా. కోత కాలానికి వీసా మీద వచ్చి, అయిపోగానే వెళ్ళిపోతాడు. ఆ వైపు తోటల్లో అలా జమైకా నుంచి వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. మన గంజాం కుర్రాళ్ళు సూరత్ మగ్గాలకి వెళ్ళినట్టే అనుకున్నాను. పిల్లలెంతమందని అల్లుడి చేత అడిగించాను, ముగ్గురట. పెద్దది నర్సు చదువుతోందని ఫోన్‌లో ఫోటో చూపించాడు. ఆ రోజు తోటలో నాకు బాగా గుర్తున్నది ఆపిల్స్ కాదు, అదే.

ఎరుపు చూసి కోయకు. ఎండ తగిలిన వైపు ఎర్రబడుతుంది, అంతమాత్రాన పండినట్టు కాదు. ఎరుపు లేనిచోట, తొడిమ చుట్టూ, ఆకుపచ్చ పోయి లేత పసుపు తిరిగిందా అని చూడు. పైకెత్తగానే ఊడివస్తే పండినట్టే. గింజుకుంటే వదిలెయ్. చెట్టు బయటి వైపు, పై వైపు ముందు పండుతాయి, లోపలివి తర్వాత. సంచీలోకి విసరకు, గుడ్లు పెట్టినట్టు పెట్టు. చిన్న దెబ్బ తగిలినా రెండు రోజుల్లో అక్కడ గోధుమరంగు మచ్చ పడుతుంది. రుచి చూడ్డానికి ఒకటి తినొచ్చా అని గేటు దగ్గరే అడుగు. చాలామంది సరేనంటారు. ఒక్కటి అంటే ఒక్కటే. మా ముందు వెళ్ళిన ఒక గుంపు చెట్టుకొకటి కొరికి పారేస్తూ నడిచింది. వాళ్ళ మాట విని తెలుగువాళ్ళని తెలిసి ఇంకా బాధేసింది.

కింద రాలినవి ఏరకు. మామిడితోటలో రాలుకాయలు ఏరి పెరిగినవాళ్ళం, చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. కానీ రాత్రిపూట జింకలు వచ్చి తిరిగే నేల అది, వాటి పెంట తగిలిన పండు తింటే కడుపు పాడవుతుంది. పైగా కుళ్ళిన పండ్ల మీద పసుపు కందిరీగలు ముసురుతుంటాయి. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు కూడా చూసుకో, గడ్డిలో కనపడని ఆపిల్ కాలికింద గోలీలా దొర్లుతుంది. మోకాలి ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు నీకు.

రకాలు తెలుసుకుంటే ఆ పూట ఇంకా బాగుంటుంది. నువ్వు వెళ్ళేసరికి మెకింటాష్ వస్తుంది. పులుపు, తీపి కలిసి, మెత్తగా ఉంటుంది, కోసిన వారంలో తినెయ్యాలి. ఆ రకం చెట్లన్నీ 1811లో కెనడాలో జాన్ మెకింటాష్ అనే రైతుకి కనిపించిన ఒకే ఒక్క మొక్క సంతానం. హనీక్రిస్ప్ కోసం అందరూ ఎగబడతారు. కొరికితే చెరుకుముక్కలా రసం కారుతుంది. మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు చేసిన రకం, 1991లో బయటికొచ్చింది. బాగుంటుంది, కాదనను, కానీ నాకు ఉత్త తీపి. కోర్ట్‌లాండ్ కోసిపెట్టినా తొందరగా నల్లబడదు, మనవరాలి స్కూల్ డబ్బాలోకి అదే మంచిది.

అక్టోబరులో ఇంకోసారి తీసుకెళ్తానంటే మాత్రం రాక్స్‌బరీ రసెట్ ఉందేమో అడుగు. బోస్టన్ పక్కన రాక్స్‌బరీలో 1600ల్లో పుట్టిన రకం, అమెరికాలో అన్నిటికంటే పాతదంటారు. పైన అచ్చం సపోటా తొక్కలా గరుకుగా, మట్టిరంగులో ఉంటుంది. ఎవరూ ముట్టుకోరు. లోపల తేనె, నిమ్మకాయ కలిపినట్టుంటుంది, చల్లటి చోట పెడితే నెలల తరబడి నిలవుంటుంది. నేనైతే మిగిలినవన్నీ వదిలేసి అదొక్కటే కోసుకుంటాను.

మరిది గారు గింజలు జేబులో వేసుకుని గుణుపురం తేవాలని చూస్తారు, మీ బావగారూ చూశారు. వద్దని చెప్పు. అనుమతి పత్రం లేకుండా విత్తనాలు, మొక్కలు మన దేశంలోకి తేకూడదు. తెచ్చినా లాభం లేదు, టెంకె నాటితే ఆ మామిడే రానట్టు ఆపిల్ గింజ నాటితే ఆ ఆపిల్ రాదు, అంటు కట్టాల్సిందే. ఆ పైన వాటిలో చాలా రకాలకి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి 800 గంటలో, 1000 గంటలో పడితే గానీ పూత రాదు. మనకి అంత చలి ఎక్కడిది? ఆయనకి అంత మోజుగా ఉంటే హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అని చలి పెద్దగా అక్కర్లేని రకం మన దేశంలోనే ఉంది, హిమాచల్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ గారు తయారుచేసింది. దాని అంటు తెప్పించుకోమను.

బయటికొచ్చే చోట అంగడి ఉంటుంది. అక్కడ ఆపిల్ సైడర్ అంటే వడగట్టని రసం, మత్తుండదు. హార్డ్ సైడర్ అని రాస్తే మాత్రం అది కల్లు. వాసన చూసి కనుక్కునే పని పెట్టుకోకుండా ముందే అడగండి. పాశ్చరైజ్ చేసినదా అని కూడా అడుగు, మన వయసుకి పచ్చిది మంచిది కాదు. వేడి వేడి సైడర్ డోనట్స్ వాసన దారి పొడవునా లాగుతుంది. వాటిలో సాధారణంగా గుడ్డు ఉంటుంది. నువ్వు తినవు కాబట్టి ముందే రాస్తున్నాను, నేను రెండు తిన్నాక తెలుసుకున్నాను.

ఇంటికొచ్చాక పండ్లు కడిగి పెట్టకు, తినేముందు కడుక్కో. దెబ్బ తిన్నవి బయట పెట్టి ముందు అవి అవగొట్టు, మంచివి కవర్‌లో కట్టి ఫ్రిజ్‌లో ఆకుకూరలకి దూరంగా పెట్టు. వినాయక చవితి అక్కడే కదా చేసుకుంటారు, పాలవెల్లికి తొడిమతో ఉన్న చిన్నవి నాలుగు విడిగా తీసి ఉంచు. తొడిమ ఉంటే దారం నిలుస్తుంది. ఆవకాయ పెట్టాలనిపిస్తే గ్రానీ స్మిత్ అనే పచ్చ ఆపిల్ కావాలి. అది పండడానికి ఎక్కువ కాలం పడుతుంది, ఆ వైపు తోటల్లో తక్కువ, షాపులో కొనుక్కో. తొక్కతోనే చిన్న ముక్కలు కోసి, మామూలుగానే ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలుపు. ఏడాది నిలవుండేది కాదు, ఫ్రిజ్‌లో పెట్టి వారం పది రోజుల్లో తినెయ్యాలి.

బూట్లు కొనకు. నావి ఉన్నాయి, రెండుసార్లే వేసుకున్నాను, నీ కొలతే. శనివారం మరిది గారు రైల్లో ఇటు వస్తున్నారన్నావు కదా, ఆయన చేతికి ఇచ్చి పంపుతాను. ఎడమ దాంట్లో దూది పెట్టి ఉంది, తీసెయ్.

ఇట్లు,
అక్క