డిప్రెషన్‌లో ఉన్న కుర్రాళ్లకి థెరపీ యాప్‌లు నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి, ఫోన్ ఆ కుర్రాడి ఒక్కడిదే అయితే. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి. నాన్నకి కిరాణా కొట్టు ఉంది. తమ్ముడు డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షలు పోయి ఇంట్లోనే ఉండిపోయాడు. మధ్యాహ్నం దాకా లేవడు, తిండి సయించదు, క్రికెట్ పెట్టినా చూడడు. అమ్మ దిష్టి తీయించింది. ఎదురింటి అత్త అయితే ఇదంతా సెల్‌ఫోన్ వల్లేనని తీర్పు చెప్పేసింది. వాడేమో ఎవరికీ చెప్పకుండా ఓ యాప్ వేసుకున్నాడు.

కొట్లో క్యూఆర్ వాడి నంబరుకే. అందుకని పగలంతా ఆ ఫోన్ గల్లాపెట్టె మీదే ఉంటుంది. ఓ రోజు జనం కిటకిటలాడుతుంటే, ఈ రోజు నిరాశగా ఉందా అని స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో వచ్చింది. పాతపట్నం నుంచి సరుకులకొచ్చిన ఒకాయన అది చదివి పైకే అర్థం చెప్పాడు. నాన్న చేతిలో పప్పు డబ్బా అలాగే ఉంది. "ఏటిరా ఇది? నీకేటి తక్కువ సేసేం?" అన్నారు. తమ్ముడు ఫోన్ లాక్కుని అక్కడే యాప్ పీకేశాడు.

తర్వాత నా పాత ఫోన్ వాడికిచ్చి, లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనపడకుండా పెట్టి, మళ్లీ వేయించాను. చదివింది ఒడియాలో, ఏడుపొచ్చేది తెలుగులో, యాప్ ఓదార్చేది ఇంగ్లిష్‌లో! ఆ చాటింగ్ దండగ. పనికొచ్చింది చిన్న చిన్న పనుల జాబితా: స్నానం చెయ్యి, మహేంద్రతనయ ఏటి గట్టు దాకా నడిచిరా. మనసు బాగుపడ్డాక పని చేద్దామని కూర్చుంటే ఈ జబ్బులో ఆ రోజు రాదు. పని ముందు, హుషారు తర్వాత.

యాప్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. వోబాట్ అనే చాట్‌బాట్ మీద 2017లో వచ్చిన పరిశోధన చూస్తే, అందులో ఉన్నది 70 మంది, అదీ రెండే వారాలు. ఆ యాప్ 2025 జూన్‌లో మూతపడింది కూడా. చచ్చిపోవాలనుందని పిల్లలు ఒక్కసారి అన్నా యాప్ పక్కన పెట్టి 14416కి చెయ్యండి. అది మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, టెలి మానస్; డబ్బులక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్లని ఒంటరిగా వదలకండి.

చివరికి బరంపురంలో డాక్టరుకి చూపించాం. ఎలా ఉందని అడిగితే తమ్ముడు నోరు విప్పలేదు, ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాడు. నిద్ర ఎప్పుడు పట్టింది, ఎప్పుడు మెలకువొచ్చింది అన్నీ అందులో ఉన్నాయి. ఆయన అవి చూసుకుంటూ ప్రశ్నలు వేశారు, మావాడు తలూపాడు. మందు రాశారు. తేడా తెలుస్తోంది.

ఇంతలో ఆ నిద్ర లెక్కల చార్టు చూడాలంటే డబ్బు కట్టమంది యాప్. ఇప్పుడు కొట్లో పాత ఖాతా పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంటున్నాడు.