పిల్లవాడితో లెగోలాండ్: అసలు ఖర్చు గేటు దాటాకే

విజయవాడ పటమట నుంచి కొత్తగా ఇంగ్లండులోని రెడింగ్ చేరిన ఒక సోదరి, అయిదేళ్ళ కొడుకును విండ్సర్‌లో, లెగో అనే ప్లాస్టిక్ ఇటుకల ఆటవస్తువుల పేరిట ఉన్న పిల్లల వినోద పార్కు లెగోలాండ్‌కు తీసుకువెళ్ళాలనుకుంటున్నామని, టిక్కెట్టు, భోజనం, వాన, రైలు దారి గురించి వివరంగా చెప్పమని అడిగారు. సెలవులకు గుంటూరు వచ్చి బ్రాడీపేటలో అన్నయ్యగారింట్లో ఉన్నాను కనుక తీరిగ్గానే జవాబు రాస్తున్నాను. రైలు దారి సులభం: రెడింగ్ నుంచి స్లౌ, అక్కడ బండి మారితే విండ్సర్, ఊళ్ళోంచి పార్కుకు బస్సు. వానకు రెయిన్‌కోటు పట్టుకువెళ్ళండి. మిగిలిందంతా డబ్బు సంగతే తల్లీ, మీరు దాని గురించి ఒక్క ముక్కే అడిగినా నేను ఎక్కువ చెప్పవలసింది దాని గురించే.

పూర్వం సఫారీ పార్కు ఉన్న స్థలంలో 1996లో తెరిచిన ఈ పార్కును రెండు నుంచి పన్నెండేళ్ళ పిల్లలను దృష్టిలో పెట్టుకుని కట్టారు. మేము ఆ దేశం వెళ్ళిన తొలి వేసవిలో, విజయవాడలో ఎగ్జిబిషన్‌కు వెళ్ళినట్టే, నేరుగా వెళ్ళి కౌంటరులో టిక్కెట్లు కొనవచ్చునన్న ధీమాతో బయలుదేరాము. ముందుగా ఆన్‌లైన్‌లో తేదీ ఎంచుకుని కొన్నవారికీ, గేటు దగ్గర కొన్నవారికీ ధరలో ఎంత తేడా ఉంటుందో వరుసలో మా ముందు నిలబడ్డ పంజాబీ కుటుంబం చెప్పేదాకా మాకు తెలియదు. వెనక్కు తిరిగి వెళ్ళడానికి పిల్లవాడు ఒప్పుకోడు కదా, కొన్నాము. కార్‌న్‌ఫ్లేక్స్ డబ్బాల మీద ఇలాంటి పార్కుల రాయితీ కూపన్లు వస్తుంటాయని, వాటిని కత్తిరించి దాచుకోవాలని ఆ తరువాతే నేర్చుకున్నాము. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ పూర్తి ధరకు టిక్కెట్టు కొనరు.

లోపలికి వెళ్ళాక నాకు రూపాయల జబ్బు పట్టుకుంది. పౌను వంద రూపాయలకు పైమాటే కనుక, పిల్లవాడు ఏది అడిగినా పక్కన రెండు సున్నాలు చేర్చి, ఈ చిప్స్ డబ్బుతో గుంటూరులో ఇన్ని రోజుల పాలు వస్తాయని పైకే లెక్క చెబుతూ తిరిగాను. మధ్యాహ్నానికి నా భార్య నాతో మాట్లాడటం మానేసింది. అక్కడ ఆకుపచ్చ డ్రాగన్ రూపంలో ఉన్న బండి ఎక్కడానికి అంతసేపు వరుసలో నిలబడిన పిల్లవాడి సంతోషం కూడా నాకు కనిపించలేదు. చివరకు ఆ సిగ్గుతోనే, బయటకు వచ్చే ముందు బొమ్మల దుకాణంలో వాడు చూపిన పెద్ద పెట్టెను ధర చూడకుండా కొనిచ్చాను. కోటప్పకొండ తిరునాళ్ళలో పిల్లల ఏడుపు ఆపడానికి తండ్రులు చేసే పనే అది, కరెన్సీ మాత్రమే వేరు. ఆ వారంలోనే మా వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో అదే పెట్టె తగ్గింపు ధరకు కనిపించింది.

కాబట్టి రూపాయల్లోకి మార్చడం రైలు ఎక్కేముందే ఆపేయండి. ఇంట్లో కూర్చుని పౌన్లలోనే ఒక మొత్తం నిర్ణయించుకోండి, దానిలో పదో పదిహేనో పౌన్లు పిల్లవాడి చేతికే ఇచ్చి, దుకాణంలో నీ ఇష్టమని చెప్పండి. తన డబ్బు అనుకున్నాక అయిదేళ్ళవాడు కూడా మన బీసెంట్ రోడ్డులో బేరమాడే అమ్మమ్మంత జాగ్రత్తగా ఉంటాడు. దానికన్నా చవకైన సరదా ఒకటుంది. అక్కడి ఉద్యోగుల దగ్గర చిన్న లెగో మనిషి బొమ్మలు ఉంటాయి, మన దగ్గరున్నది ఇచ్చి వారి బొమ్మ పుచ్చుకోవచ్చు. వాడిన వస్తువులు చవకగా అమ్మే చారిటీ షాపుల్లో పాత బొమ్మలు నాలుగు కొని జేబులో వేసుకువెళ్తే, మీ బాబు రోజంతా ఆ మార్పిళ్ళలోనే మునిగిపోతాడు.

భోజనం మన వెంట తీసుకుపోవచ్చు. పులిహోర, పెరుగన్నం కట్టుకుని పచ్చిక మీద కూర్చుని తినండి, ఎవరూ ఏమీ అనరు. మొదట్లో మేము నలుగురూ చూస్తారని మొహమాటపడి, అక్కడే కొనుక్కుతిని, ఆకలికన్నా బిల్లుకే ఎక్కువ నీరసించాము. నీళ్ళలో ఆడే చోటు కూడా ఉంది కనుక ఒక జత బట్టలు, తువ్వాలు పెట్టుకోండి, లేకపోతే అవి కూడా అక్కడే కొనవలసివస్తుంది.

మీవాడికి ఆరో పుట్టినరోజు దగ్గరలో ఉంటే మాత్రం అది దాటేదాకా ఆగమంటాను. పిల్లలు కార్లు నడిపే డ్రైవింగ్ స్కూలులో మూడు నుంచి అయిదేళ్ళవారికి చిన్న బాట, ఆరు నుంచి పదమూడేళ్ళవారికి సిగ్నళ్ళున్న రోడ్లు వేరుగా ఉంటాయి. ఇప్పుడు చిన్న బాటలో తిప్పితే, పెద్దదాని కోసం వచ్చే ఏడాది మళ్ళీ టిక్కెట్లు కొనక తప్పదు. ఎత్తు ఇంట్లోనే గోడకు ఆనించి కొలవండి: కొన్ని రైడ్‌లు ఎక్కడానికి 90 సెంటీమీటర్లు చాలు, కొన్నింటికి మీటరు, ఇంకొన్నింటికి అంతకన్నా ఎక్కువ కావాలి. ఏ రైడ్‌కు ఎంతో పార్కువారి జాబితాలోనే చూసుకోండి. చలికాలంలో చాలా రోజులు మూసివేస్తారు కనుక తేదీలు కూడా అక్కడే చూడండి.

రద్దీ తక్కువని బడి రోజున మాన్పించి తీసుకువెళ్ళే ఆలోచన వద్దు. అనుమతి లేకుండా మాన్పించినందుకు జరిమానా వేస్తే, ఒక్కొక్క తల్లికీ తండ్రికీ 80 పౌన్లు, ఇరవై ఒక్క రోజుల్లో కట్టకపోతే 160. దానికి బదులు, ఉపాధ్యాయుల శిక్షణకని ప్రతి బడికీ ఏడాదిలో కొన్ని సెలవులుంటాయి, వాటిని ఇన్‌సెట్ డే అంటారు. మీ బడికి ఆ రోజు సెలవైనా పక్క ఊరి బడులు పనిచేస్తూ ఉండవచ్చు కనుక వరుసలు చిన్నవిగా ఉంటాయి. సెప్టెంబరులో బడివారు ఇచ్చే క్యాలెండరులో ఆ తేదీలు చూసి, పార్కు తెరిచి ఉన్న రోజును ఎంచుకుని, టిక్కెట్టు ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో కొనేయండి.