కాన్సెప్ట్ కారును ముందు కిటికీల దగ్గర చూడండి

ఇప్పుడు వస్తున్న కాన్సెప్ట్ కార్లన్నీ (అమ్మకానికి కాకుండా, కొత్త ఆలోచన చూపడానికి ప్రదర్శనల్లో పెట్టే కార్లు) ఒకే కోపిష్ఠి ముఖంతో ఎందుకు కనిపిస్తున్నాయి, "నచ్చలేదు" అనడం కాకుండా వాటిని సరిగ్గా విమర్శించడం ఎలా అని అడిగారు. నేను పదకొండేళ్లు ఒక కార్ల డిజైన్ స్టూడియోలో మట్టి నమూనాలు చెక్కాను. డిజైనర్ కాగితం మీద గీసిన బొమ్మను అసలు కారంత పరిమాణంలో చేతులతో తీర్చిదిద్దడం మా పని. మీ కన్ను తప్పు చూడలేదు. అయితే ముఖం దగ్గరే ఆగిపోతే అసలు లోపం దొరకదు. నేనైతే మొదట కిటికీలు చూస్తాను.

కాగితం మీది బొమ్మలో చక్రాలు పెద్దగానూ కిటికీ అద్దాలు సన్నని చీలికల్లానూ ఉంటాయి. అలా గీస్తే కారు నేలను అంటిపెట్టుకుని దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. గీయడం వరకు అందులో తప్పేమీ లేదు. ఆ బొమ్మను ఇసుమంత కూడా మార్చకుండా కారుగా నిలబెట్టాలని పట్టుబట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది. మేము చేసిన ఒక నమూనాలో పక్క కిటికీ అద్దం ఎత్తు నా జానెడు కూడా లేదు. మట్టి దశలో అది ఎవరికీ ఇబ్బందిగా అనిపించలేదు, ఎందుకంటే ఆ నమూనాకు లోపలి భాగమంటూ ఉండదు. అద్దం రావలసిన చోట నల్లటి పొర అంటిస్తాం, అంతే. కొన్ని వారాల తరువాత లోపలి భాగం నమూనా విడిగా తయారైంది. వెళ్లి సీట్లో కూర్చున్నాను. కిటికీ కింది అంచు నా చెవి ఎత్తుకు వచ్చింది. పక్కకు తిరిగితే తలుపు గోడ, దాని పైన సన్నని వెలుతురు పట్టీ. బావిలో కూర్చున్నట్టుందని చెప్పాను. "బయట చూపించడానికి కెమెరాలు పెడుతున్నాం కదా" అని స్టూడియోలో జవాబు వచ్చింది. కారు ప్రదర్శనకు వెళ్లింది, ఫొటోలు చాలా బాగా వచ్చాయి. ఆ జవాబు మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. మనిషి కూర్చునే చోటును చివరికి మిగిలిన ఖాళీగా చూసే డిజైన్, పైకి ఎంత మెరిసినా, పని సగంలో వదిలేసినట్టే.

ఇలా అంటే కాన్సెప్ట్ కారు వాడుకకు పనికిరావాలని నేను కోరుతున్నట్టు అనిపించవచ్చు. అది నా ఉద్దేశం కాదు. 1970లో ఇటలీ కార్ల డిజైన్ సంస్థ బెర్టోనే కోసం డిజైనర్ మార్చెల్లో గాండినీ రూపొందించిన లాంచియా స్ట్రాటోస్ జీరో ఎత్తు 84 సెంటీమీటర్లే. దానికి పక్క తలుపులు లేవు, ముందు అద్దాన్నే పైకెత్తి లోపలికి దిగాలి. రోజూ నడపడానికి అంతకంటే అసౌకర్యమైన కారు ఉండదేమో. అయినా దానిని నేను వేలెత్తి చూపలేను. కారు ఎంత పల్చగా ఉండగలదు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని, ముక్కు నుంచి తోక దాకా దానికే కట్టుబడి ఉంది. 2008లో బీఎండబ్ల్యూ చూపిన గీనా మరో ప్రశ్న వేసింది: కారు చర్మం లోహమే ఎందుకు కావాలి? లోహపు చట్రం మీద సాగే బట్ట బిగించారు. దీపాలు వెలిగినప్పుడు ఆ బట్ట కనురెప్పలా తెరుచుకునేది. అంతకుముందు 1938లో జనరల్ మోటార్స్ డిజైన్ అధిపతి హార్లీ ఎర్ల్ చేయించిన బ్యూక్ వై-జాబ్‌ను చాలామంది మొదటి కాన్సెప్ట్ కారుగా చెబుతారు. లోపలికి ముడుచుకునే హెడ్‌ల్యాంపులు, మీట నొక్కితే కదిలే కిటికీలు అందులో ఉన్నాయి. ఆయన దానిని ఏళ్ల తరబడి తన సొంత కారుగా నడిపాడు. అందుకే కొత్త కాన్సెప్ట్ కారు ఏది చూసినా, ఇది ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతోంది అని అడుగుతాను. చాలా వాటి దగ్గర ప్రశ్నే కనిపించదు.

ప్రశ్న లేని చోట గీతలు ఎక్కువవుతాయి. తలుపు మీద మూడు మడతలు, బంపర్‌లో ఎటూ దారితీయని గాలి రంధ్రాలు, వెనుక దీపాల కింద మళ్లీ ఒక చీలిక. మడత అంటే రెండు ఉపరితలాలు కలిసే చోటు. ఆ రెండూ బాగుంటేనే మడత బాగుంటుంది. మట్టిని దాదాపు 60 డిగ్రీల వేడికి మెత్తబరిచి, పూసి, గీకి, ఒక తలుపు ఉబ్బును సరిచేయడానికి మాకు రోజులు పట్టేవి. అరచేతితో తడిమితే కంటికి ఆనని గుంట కూడా తెలిసేది. వంపు ఒక చోట మొదలై ఎక్కడ ముగియాలో చేతికి ముందుగా అర్థమయ్యేది. ఉబ్బు కుదరనప్పుడు దాని మీద ఒక మడత వేసి చూపు మరల్చడం చాలా సులువు. ఆ పని నా చేతులతో చేశాను కనుక గుర్తుపట్టగలను. స్టూడియో లోపల పైకప్పు పొడవునా దీపాల వరుసలుంటాయి, వాటి కింద ప్రతి మడతా కత్తి అంచులా మెరుస్తుంది. నమూనాకు వెండి రంగు పొర అంటించి ఆరుబయటికి తోసినప్పుడు, మబ్బు పట్టిన పగటి వెలుతురులో, అదే కారు ముక్కలు అతికించినట్టు కనిపించిన రోజులు ఉన్నాయి. మబ్బు వెలుతురు ఏ లోపాన్నీ దాచదు.

ఇక మీరు అడిగిన ముఖం సంగతి. విద్యుత్ కారుకు ఇంజను చల్లబరిచే పెద్ద గ్రిల్ (ముందుభాగంలో గాలి వెళ్లే జాలీ) అవసరం లేదు. దశాబ్దాలుగా కారు ముఖమంటే గ్రిల్లే కాబట్టి, అది పోయేసరికి ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని నింపడానికి అందరికీ ఒకే ఉపాయం దొరికింది: అడ్డంగా ఒక వెలుగు గీత, రెండు చివర్లా ముడిచిన కనుబొమల్లాంటి దీపాలు. పైగా బ్యాటరీ కారు అడుగున పరుచుకుని ఉండటంతో కారు ఎత్తు పెరుగుతుంది. ఆ ఎత్తు తెలియకుండా కింది భాగానికి నల్ల రంగు వేసి, చక్రాలను మరీ పెద్దవి చేస్తారు. అన్ని స్టూడియోల్లోనూ ఒకే ఇబ్బంది, ఒకే మందు. అందుకే మీకు అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి.

2024 డిసెంబరులో వచ్చిన జాగ్వార్ టైప్ 00 ఈ గుంపులో కలవలేదు, ఆ ధైర్యాన్ని గౌరవిస్తాను. ఉపరితలాలు నిశ్చలంగా, పెద్దవిగా ఉన్నాయి. కానీ ఇంజనే లేని కారుకు అంత పొడవైన బానెట్ ఎందుకో నాకు బోధపడలేదు. వెనుక కిటికీ అద్దాన్ని పూర్తిగా తీసేయడం చూస్తే, బావిలో కూర్చున్న ఆ రోజే గుర్తొచ్చింది.

మెచ్చుకోదగినవీ ఉన్నాయి. 2019లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో హ్యుందాయ్ చూపిన 45 కాన్సెప్ట్, 1974లో ఇటలీ డిజైనర్ జుజారో గీసిన పోనీ కూపేను గుర్తు చేసుకుంటూ పుట్టింది. తలుపు మీద ఏటవాలుగా పదునైన మడత ఉంది. దానికి అటూ ఇటూ ఉన్న ఉపరితలాలు శుభ్రంగా ఉండటం వల్ల అది నిలబడింది. 2021లో అదే అయానిక్ 5 పేరుతో రోడ్డెక్కినప్పుడు ఆ మడత చెక్కుచెదరలేదు. 2022 నాటి మెర్సిడెస్ విజన్ ఈక్యూఎక్స్‌ఎక్స్ తోక అందంగా లేదని కొందరు అన్నారు. నాకు మాత్రం ఆ తోక మీద ఎంతో ఇష్టం. గాలిని తక్కువగా అడ్డుకోవాలని వెనుక చక్రాల మధ్య దూరాన్ని ముందు చక్రాలకంటే 50 మిల్లీమీటర్లు తగ్గించి, తోకను పొడవుగా సాగదీశారు. గాలి నిరోధక గుణకం (ఇది ఎంత తక్కువైతే గాలి అంత తక్కువగా అడ్డుపడుతుంది) 0.17కు దిగింది, ఒక్క చార్జింగ్‌తో 1,000 కిలోమీటర్లు దాటింది. ఆ తోకలో ప్రతి వంపుకూ కారణం చెప్పగలం.

మీరు విమర్శ రాయాలనుకుంటే, సంస్థ విడుదల చేసిన ఫొటోలతో మొదలుపెట్టకండి. వాటిని తరచుగా మోకాలి ఎత్తులో కెమెరా పెట్టి తీస్తారు, ఆ కోణంలో ప్రతి కారూ పొట్టిగా, బలంగా కనిపిస్తుంది. ఫొటోలో చక్రాలను అరచేతితో మూసి, మిగిలిన ఆకారం ఒంటరిగా నిలబడగలదో లేదో చూడండి. తరువాత ప్రదర్శనకు వచ్చినవాళ్లు మామూలుగా తీసిన ఫొటోలు వెతకండి. కారు పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నది ఒక్కటి దొరికితే చాలు, బానెట్ ఆయన నడుముకు వచ్చిందో ఛాతీకి వచ్చిందో, కిటికీలోంచి లోపలివాళ్ల ముఖం కనిపిస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.