కలకత్తాలో ఎక్కడ దిగాలి? గది అద్దె ఒక్కటే చూసి తేల్చకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారికి మొబైల్ రిపేరు షాపు ఉంది. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు కలకత్తా చూపిద్దామనుకున్నాం. పెద్దవాడికి 11, చిన్నదానికి 5 ఏళ్ళు. అత్తగారు కూడా వస్తారు. ఆవిడకు 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పలాసలో ఫలక్‌నుమా ఎక్కి సాయంత్రం హౌరాలో దిగుతాం, మూడు రాత్రులు ఉంటాం. ఐదుగురికీ సరిపోయే గది న్యూ టౌన్‌లో రోజుకు 2,200, పార్క్ స్ట్రీట్ దగ్గర 3,600 చూపిస్తోంది. హౌరా స్టేషన్ పక్కన 1,500కే లాడ్జి దొరుకుతుందని మా బావగారు అంటున్నారు. మావారు న్యూ టౌన్ అంటారు, నాకేమో పార్క్ స్ట్రీట్ మీద మనసుంది. చేతిలో 26,000 ఉంది, అందులో రైలు ఖర్చులకే 7,000 పోతుంది. చాలకపోతే నా పోస్టాఫీసు ఆర్‌డీ తీసేద్దామా? నెలకు 1,500 చొప్పున కడుతున్నాను, రెండేళ్ళు నిండాయి, వడ్డీ 6.7 శాతం. ఇంట్లో రోజూ ఇదే చర్చ, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఇంట్లో ముగ్గురూ గది అద్దె గురించే వాదించుకుంటున్నారు. అందులో మీ తప్పేం లేదు. పర్లాకిమిడిలో ఏ మూల ఇల్లు తీసుకున్నా పది నిమిషాల్లో బజారు, పావుగంటలో బస్టాండు. నేనుండే బరంపురంలోనూ అంతే, గిరి రోడ్డుకు ఏ వైపు నుంచైనా ఆటోలో వెళ్ళి రావచ్చు. దూరానికి ధర కట్టే అలవాటు మనకు లేదు. కలకత్తాలాంటి ఊళ్ళో ఆ ధర గది బిల్లులో కనిపించదు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ట్యాక్సీ డ్రైవర్ చేతిలో పెడతాం.

అందుకని ముందు మీ మూడు గదులకూ పూర్తి లెక్క వేద్దాం. రోజుకు 7,500 లోపు అద్దె ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. యాప్‌లో మొదట కనిపించే అంకెలో చాలాసార్లు ఇది కలిసి ఉండదు, డబ్బు కట్టే పేజీలో బయటపడుతుంది. ట్యాక్సీ ఖర్చులు నేను అంచనాగా వేసినవి. మీరు ఫోన్లో ఉదయం తొమ్మిదికి, మళ్ళీ రాత్రి ఎనిమిదికి చూసి సరిచేసుకోండి.

న్యూ టౌన్ గదికి మూడు రాత్రులకు పన్నుతో 6,930. అక్కడి నుంచి విక్టోరియా మెమోరియల్, మ్యూజియం వైపు రావాలంటే ఊరి ఈ చివర నుంచి మధ్యలోకి రావడమే. పైగా మీరు ఐదుగురు. మామూలు క్యాబ్ నలుగురికే. చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటామంటే కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. పెద్ద బండి అయితే ఒక వైపుకు 550 వేసుకోండి. మూడు రోజులకు ఆరు ట్రిప్పులు, 3,300. హౌరా నుంచి గదికి, గది నుంచి హౌరాకు 700 చొప్పున 1,400. మొత్తం 11,630.

పార్క్ స్ట్రీట్ గది పన్నుతో 11,340. చుట్టుపక్కల తిరగడానికి ట్రిప్పుకు 150 చొప్పున 900, హౌరాకు రానుపోను 500. మొత్తం 12,740.

అద్దెలో 4,200 కనిపించిన తేడా చివరికి 1,110 దగ్గర ఆగింది. ఆ వెయ్యి మిగల్చడానికి రోజుకు రెండు గంటల పైన ట్రాఫిక్‌లో కూర్చోవాలి. మీవారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, గొడవ పడక్కర్లేదు. న్యూ టౌన్‌ను నేను తీసిపారేయడం లేదు. కొత్త బిల్డింగులు, పెద్ద గదులు, లిఫ్టులు, పక్కనే ఈకో పార్క్. విమానం దిగి వచ్చేవాళ్ళకు, ఆ వైపు ఆఫీసు పని ఉన్నవాళ్ళకు బాగుంటుంది. మీరు చూడాలనుకున్నవి మాత్రం అటువైపు లేవు.

ఇక మీ బావగారి మాట. లెక్క ప్రకారం ఆయనదే గెలుపు, అది దాచను. గది 4,725, తిరగడానికి 1,500, మొత్తం 6,225. 2024 మార్చిలో హుగ్లీ నది అడుగు నుంచి మెట్రో మొదలయ్యాక హౌరా నుంచి ఊరి మధ్యలోని ఎస్ప్లనేడ్‌కు కొద్ది నిమిషాల పనే అయింది. వంతెన మీద జామ్‌లో ఇరుక్కునే బాధ తప్పింది. ఇద్దరు కుర్రాళ్ళు అడిగుంటే హౌరాలోనే దిగమని చెప్పేవాణ్ణి. మీతో మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ, ఐదేళ్ళ పిల్ల ఉన్నారు. స్టేషన్ చుట్టూ రాత్రీ పగలూ కూలీలు, బస్సులు, తోపుళ్ళు. ప్రతి పూటా ఆ జనంలోంచే బయటికి రావాలి, ఆ జనంలోంచే లోపలికి పోవాలి. ఇంకో సంగతి, బావగారికి గుర్తున్న రోజుల్లో మన రైళ్ళు చాలావరకు హౌరాకే పోయేవి. కోరమండల్ 2022 నుంచి షాలిమార్ అనే వేరే స్టేషన్ దాకానే వెళుతోంది. తిరుగు టికెట్ షాలిమార్‌లో బయల్దేరే రైల్లో దొరికిందంటే హౌరా లాడ్జికున్న ఒకే ఒక్క సుఖం కూడా పోతుంది. టికెట్ మీద స్టేషన్ పేరు చూసుకోండి.

అసలు మీ ఉత్తరంలో డబ్బుకు సంబంధించిన ముఖ్యమైన విషయం అత్తగారి మోకాళ్ళు. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. పదేళ్ళ కిందట మా నాన్నగారిని ముంబై తీసుకెళ్ళాను. లోకల్ స్టేషన్‌కు రెండు కిలోమీటర్లే అని చూసి చవగ్గా ఒక హోటల్ తీసుకున్నాను. రెండు కిలోమీటర్లు నిజమే, మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిస్తే. హోటల్ పట్టాలకు అటువైపు ఉంది, మధ్యలో పాదచారుల వంతెన, దాని మెట్లు. మొదటి రోజు మధ్యాహ్నానికే నాన్నగారు ‘నేను గదిలో ఉంటాను, మీరు తిరిగి రండి’ అన్నారు. ఆయన్ను ఒక్కణ్ణి వదల్లేక నేనూ ఉండిపోయాను. రెండో రోజు నుంచి ప్రతి చోటికీ ట్యాక్సీ. గదిలో మిగిలింది 1,800, ట్యాక్సీలకు పోయింది 3,000 పైన. ఊళ్ళకు లెక్కలు చెప్పే మనిషిని నేను!

పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు గది రాత్రి పడుకోవడానికి మాత్రమే కాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి, అన్నం తిని, రెండు గంటలు నడుం వాల్చి, నాలుగింటికి మళ్ళీ బయల్దేరడానికి. అలా రాగలిగితేనే అత్తగారు మూడు రోజులూ మీతో తిరుగుతారు. న్యూ టౌన్ నుంచి అది కుదరదు. పార్క్ స్ట్రీట్ నుంచి హాయిగా కుదురుతుంది. ఇండియన్ మ్యూజియం నడిచే దూరం, న్యూ మార్కెట్ పక్కనే, విక్టోరియాకు పది నిమిషాలు. మీ మనసు ఊరికే అటు లాగలేదు.

అయినా నేను మీకు చెప్పేది నాలుగో చోటు. కాళీఘాట్, లేక్ మార్కెట్ వైపు చూడండి. కిందటి చలికాలం మా బంధువులు ఆరుగురు అక్కడ దిగారు. రాస్‌బిహారీ అవెన్యూకు దగ్గర్లో సాదాసీదా గెస్ట్‌హౌస్, పెద్ద గదికి రోజుకు 2,600 ఇచ్చారు. ఆ లెక్కన మీకు పన్నుతో 8,190. తిరగడానికి మెట్రో. ఆ ఉత్తర దక్షిణ లైన్లో టికెట్ 5 రూపాయలతో మొదలై 25 దాటదు. ఐదుగురికీ కలిపి, మధ్యలో ఆటో వేసుకున్నా ట్రిప్పుకు 120 చాలు, ఆరు ట్రిప్పులకు 720. హౌరాకు రానుపోను ట్యాక్సీలో 700. మొత్తం 9,610. పార్క్ స్ట్రీట్ కంటే 3,130 తక్కువ, న్యూ టౌన్ కంటే కూడా 2,020 తక్కువ.

కాళీఘాట్ స్టేషన్‌లో ఎక్కితే రవీంద్ర సదన్, మైదాన్, పార్క్ స్ట్రీట్, ఎస్ప్లనేడ్ అన్నీ అదే లైన్లో వరసగా వస్తాయి. 2021 నుంచి అదే రైలు దక్షిణేశ్వర్ దాకా పోతోంది, కాబట్టి అక్కడి కాళీ గుడిలో అత్తగారు దర్శనం చేసుకోవడం కోసం ఊరి ఉత్తరాన ఇంకో రాత్రి గది తీసుకోనక్కర్లేదు. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం గుడి మూస్తారు. లేక్ మార్కెట్లో దక్షిణాది వాళ్ళు తరాలుగా ఉన్నారు, ఇడ్లీ సాంబారుకు వెతుక్కోనక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. పొద్దున్నే ఆవనూనె వాసనకు పిల్ల ఏమీ తినకపోతే పదకొండింటికి చిప్స్ ప్యాకెట్లు, ఐస్‌క్రీములు మొదలవుతాయి. వాటి బిల్లు ఎవరూ లెక్కపెట్టరు. గది మాత్రం కాళీఘాట్ గుడి సందుల్లో తీసుకోకండి, జనం, గోల. గుడి దగ్గరి పండా పూజారుల సంగతి పూరీ చూసిన మీకు నేను చెప్పాలా.

ఒక్క ఇబ్బంది ఉంది. ఈ మెట్రో 1984లో మొదలైన పాత లైను. ప్రతి గేటు దగ్గరా లిఫ్ట్ ఉంటుందని నమ్ముకోకండి, మెట్లు తగులుతాయి. ఉదయం ఆఫీసుల వేళ, సాయంత్రం ఆరు తర్వాత బోగీల్లో కాలు పెట్టడమే కష్టం. పదకొండు ప్రాంతంలో బయల్దేరండి. ఆవిడకు ఆ పూట మెట్లు కష్టమనిపిస్తే ట్యాక్సీ ఎక్కండి. దానికోసం 800 విడిగా పెట్టుకోండి, ఖర్చు కాకపోతే మిగులుతుంది.

తేదీల దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. క్రిస్మస్ వారంలో పార్క్ స్ట్రీట్ అంతా దీపాలు, ఊరంతా అక్కడే ఉంటుంది. ఆ చుట్టూ అద్దెలు పెరుగుతాయి, మీకు ఈరోజు 3,600 చూపించిన గది ఆ తేదీలకు కూడా అదే ధర చెబుతోందా అని ఒకసారి చూడండి. సంక్రాంతికి మారుద్దామనుకుంటే అప్పుడు గంగాసాగర్ మేళా. లక్షల మంది యాత్రికులు హౌరా, బాబూఘాట్ మీదుగానే పోతారు. జనవరి మూడో వారం దాటాక మీ స్కూలు సెలవులు ఎలా ఉన్నాయో చూడండి. 23న సుభాష్ జయంతికి ఒడిశాలో సెలవే, దానికి అటో ఇటో రెండు రోజులు సెలవు పెడితే సరిపోతుంది. 26 ఉదయం మైదాన్ వైపు పరేడ్ కోసం దారులు మూస్తారు, అది తప్పించుకోండి. సోమవారం మ్యూజియం, విక్టోరియా గ్యాలరీలు రెండూ ఉండవు. మీ మూడు పగళ్ళలో సోమవారం పడకుండా చూసుకుంటే చాలు.

రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తారు. అవి కన్‌ఫర్మ్ అయ్యేదాకా, డబ్బు తిరిగి రాదని రాసి ఉన్న గది రేటు తీసుకోకండి. రెండొందలు తగ్గుతుందని ఆశపడి వెయిటింగ్ లిస్టులో ఉండిపోతే మొత్తం గది డబ్బు పోతుంది. చిన్నదానికి ఐదేళ్ళు నిండాయి కాబట్టి బెర్తు వద్దంటే సగం టికెట్, బెర్తు కావాలంటే పూర్తి టికెట్. పగటి ప్రయాణమే కదా, వెళ్ళేటప్పుడు బెర్తు లేకుండా సర్దుకోవచ్చు. ఖర్గపూర్ వచ్చాక ప్లాట్‌ఫాం మీద తెలుగు వినిపిస్తే పిల్లలు ఆశ్చర్యపోతారు. రైల్వే ఉద్యోగాలకని వెళ్ళి అక్కడే స్థిరపడిన మనవాళ్ళు చాలామంది.

ఇప్పుడు ఆర్‌డీ. తీసేద్దామా అన్నారు, తీయనివ్వరు. పోస్టాఫీసు ఐదేళ్ళ ఆర్‌డీని మూడేళ్ళు నిండకముందు మూసే వీల్లేదు. మూడేళ్ళ తర్వాత మధ్యలో మూసినా 6.7 శాతం రాదు, మామూలు సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. ఏడాది నిండి 12 వాయిదాలు కట్టినవాళ్ళకు దానిమీద సగం వరకు లోన్ ఇస్తారు. మీరు కట్టింది 36,000, కాబట్టి 18,000 దాకా దొరుకుతుంది. వడ్డీ ఆర్‌డీ వడ్డీ కంటే 2 శాతం ఎక్కువ, అంటే 8.7. ఆరు వేలు తీసుకుని నెలకు వెయ్యి చొప్పున ఆరు నెలల్లో తీర్చేస్తే వడ్డీ సుమారు 150 రూపాయలు. హోటల్ యాప్‌లో ‘వడ్డీ లేదు, మూడు నెలల్లో కట్టండి’ అని ఊరించే పథకాల కంటే ఇది నయం. వాటికి ప్రాసెసింగ్ చార్జీ అని ఒకటి చివర్లో తగిలిస్తారు.

అయితే మీకు ఆ లోన్ కూడా అక్కర్లేదు. రైలు ఖర్చు పోను మీ దగ్గర ఉండేది 19,000. పార్క్ స్ట్రీట్‌లో దిగితే ఐదుగురి తిండికీ, టిక్కెట్లకూ మిగిలేది 6,260, అంటే రోజుకు రెండు వేల చిల్లర. అప్పుడు మూడో రోజుకు చెయ్యి బిగుస్తుంది, ఆర్‌డీ గుర్తొస్తుంది. కాళీఘాట్ వైపైతే 9,390 మిగులుతుంది. ట్యాక్సీకని చెప్పిన 800 తీసినా రోజుకు 2,860 ఉంటుంది. సైన్స్ సిటీ, అలీపూర్ జూ, అత్తగారికి ఒక బెంగాలీ నేత చీర, అన్నీ అందులోనే సరిపెట్టుకోవచ్చు. జూకు గురువారం సెలవు.

గది ఖాయం చేసే ముందు యాప్‌ను పక్కన పెట్టి గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేయండి. మీ ఒడియా వాళ్ళకు అర్థమవుతుంది, లేదంటే హిందీ. గది ఎన్నో అంతస్తు, 11 ఏళ్ళ పిల్లాడికి అదనపు పరుపు డబ్బు తీసుకుంటారా, బాత్రూమ్‌లో కమోడ్ ఉందా, తిరుగు రైలు రాత్రిదైతే మధ్యాహ్నం గది ఖాళీ చేశాక సామాను ఎక్కడ పెట్టుకోవాలి, ఇవన్నీ అడగండి. లిఫ్ట్ ఉందా అన్నదానికి అవతలి మనిషి ‘ఉంది, కానీ’ అన్నాడంటే, ఆ కానీ తర్వాత ఏం చెబుతాడో పూర్తిగా విన్నాకే అడ్వాన్స్ పంపండి.