మిద్దెపైన ఏసీ పని: తాళంచెవి ఎవరి జేబులో ఉండాలి?

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జికి నేను మేనేజరుని. మా మిద్దెపైన నాలుగు పెద్ద ప్యాకేజ్ ఏసీ యూనిట్లున్నాయి. వేసవికి ముందొకసారి, బ్రహ్మోత్సవాలకు ముందొకసారి కాయిళ్లు కడగడం, ఫిల్టర్లు శుభ్రం చేయడం మా పనివాళ్లే చేస్తారు. కింద థెర్మోస్టాట్ ఆపితే చాలునని వాళ్లంటారు. మెకానిక్ మాత్రం మిద్దెపైనే కరెంటు తీసి తాళం వేయాలంటున్నాడు. గదులు నిండుగా ఉన్నప్పుడు అంతసేపు ఆపడం మాకు కష్టం. ఇదంతా అవసరమా? ఏటా గ్యాస్ నింపించడం కూడా తప్పదా?

జవాబు: మీ మెకానిక్ మాటే వినండి. థెర్మోస్టాట్ ఆపితే యూనిట్‌కు ఆగమని కబురు అందుతుందే తప్ప కరెంటు ఆగదు. చాలా యూనిట్లలో థెర్మోస్టాట్ తీగలో ఉండేది 24 వోల్టులే. అది కాంటాక్టరును (యూనిట్‌కు కరెంటు కలిపే, విడదీసే స్విచ్‌ను) వదిలించిన తర్వాత కూడా, కాంటాక్టరు పైవైపు స్క్రూల దాకా 415 వోల్టుల త్రీఫేజ్ కరెంటు వచ్చి నిలిచే ఉంటుంది. తడి చేతితో ప్యానెల్ తెరిచే మనిషికి ఆ స్క్రూలు జానెడు దూరంలో ఉంటాయి.

చిత్తూరులో ఒక కల్యాణ మండపం మిద్దెపైన నేను కళ్లారా చూసిన సంగతి చెబుతాను. మెకానిక్ కింద ఎంసీబీ దించి, పైకొచ్చి బ్లోయర్ బెల్టు బిగువు చూస్తున్నాడు. హాలు ఉక్కగా ఉందని కింద ఎవరో ఆ ఎంసీబీని ఎత్తేశారు. అతను స్పానర్ కోసం చెయ్యి వెనక్కి తీసిన క్షణంలోనే పుల్లీ తిరిగింది. ఎత్తినవారికి పైన మనిషి ఉన్నాడని తెలియదు, తెలియజేసే చీటీ కూడా అక్కడ లేదు.

అందుకే యూనిట్ పక్కనుండే ఐసొలేటర్‌ను (యూనిట్‌కు వచ్చే కరెంటును పూర్తిగా తెంచే స్విచ్‌ను) ఆఫ్ చేసి తాళం వేయాలి. ఆ తాళంచెవి మీ ఆఫీసు సొరుగులో కాదు, పనిచేసే మనిషి జేబులో ఉండాలి. ఇద్దరు పనిచేస్తుంటే రెండు తాళాలు పడాలి. తాళం వేసిన మనిషి పేరు, సెల్ నంబరు రాసిన చీటీని ఆ తాళానికి వేలాడదీయాలి. తర్వాత వోల్టులు చూపే మీటరును ముందుగా కరెంటున్న చోట పెట్టి అది సరిగా చూపుతోందని నిర్ధారించుకుని, యూనిట్ టెర్మినళ్ల దగ్గర ఫేజుకూ ఫేజుకూ మధ్య, ఫేజుకూ ఎర్తుకూ మధ్య చూసి, మళ్లీ కరెంటున్న చోట పెట్టి చూడాలి; ఎందుకంటే మధ్యలో మీటరే చెడిపోయి సున్నా చూపిస్తే ఆ సున్నాను నమ్మి ప్రాణం పోగొట్టుకోవచ్చు. స్క్రూడ్రైవర్ టెస్టర్ దీనికి పనికిరాదు. ఇంతా చేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. యూనిట్‌పై రాసినంతసేపు ఆగి, మీటరుతో చూసుకోవాలి. ఆ కరెంటు పోగొట్టడానికి స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి నిప్పురవ్వలు రాల్చడం మనవాళ్లలో చాలామందికి అలవాటు. దాన్ని దయచేసి మాన్పించండి.

ఈ పనులకు పట్టే సమయం గురించి బెంగ వద్దు. నాలుగూ ఒకేసారి ఆపకుండా, రోజుకొకటి చొప్పున, మిద్దె కాలకముందే తెల్లవారి మొదలుపెడితే గదులకు పెద్దగా ఇబ్బంది రాదు. కడిగేటప్పుడు కరెంటు పెట్టె మూసి, నీటిని లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో పట్టాలి. ప్రెషర్ పంపుతో కొడితే అల్యూమినియం రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. కాయిల్ కడిగే మందుకు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. పిట్టగోడ ఒక మీటరు ఎత్తుకన్నా తక్కువగా ఉన్నా, యూనిట్ అంచుకు దగ్గరగా ఉన్నా, నడుముకూ భుజాలకూ బెల్టు కట్టి దాని తాడును గట్టి కొక్కేనికే తగిలించాలి, పైపుకు కాదు. ఒంటరిగా ఎవరినీ పైకి పంపకండి. కోతుల బెడద ఉంటే డక్టు ఇన్సులేషన్ చిరిగిందేమో కూడా చూడమనండి.

ఇక గ్యాస్. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఏటా తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందన్నమాట. అతుకుల దగ్గర దుమ్ము అంటుకున్న జిడ్డు మరక కనిపిస్తే అనుమానం అక్కడే మొదలుపెట్టాలి. లీకు పరీక్షకు నైట్రోజన్ మాత్రమే వాడాలి. ఆక్సిజన్ వాడితే, అది కంప్రెసర్‌లోని నూనెతో కలిసి పేలవచ్చు. నేమ్‌ప్లేటుపై ఆర్-32 అని ఉంటే అది మండే స్వభావమున్న గ్యాస్ కాబట్టి దగ్గర నిప్పు ఉండకూడదు. ఈసారి గ్యాస్ నింపినప్పుడు, లీకు ఏ అతుకు దగ్గర దొరికిందో, ఎలా మూశారో బిల్లుపైనే రాయించుకోండి.