నేరం మోపుతారు, పాపం చుట్టుకుంటుంది

సందేహం: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. తెలుగు పరీక్షలో ‘పెద్దలు వచ్చినప్పుడు లేచి నిలబడకపోవడం అనైతికం’ అని రాస్తే, టీచరు ఆ మాట కింద ఎర్రగీత గీసి ‘అమర్యాద’ అని దిద్దారు. రెండూ చెడ్డ ప్రవర్తనే కదా! నీతి, మర్యాద, చట్టం, మతం అన్నీ చెప్పేది చెడ్డపని చేయొద్దనేగా? ఇంకొకటి: ‘అనీతి’ అనే మాట ఉండగా ‘అవినీతి’లో ఆ ‘వి’ ఎక్కడిది?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: టీచరు సరిగ్గానే దిద్దారమ్మా. మీ అబ్బాయి అలా రాయడంలోనూ ఆశ్చర్యం లేదు. పిల్లలకు మనం నేర్పేది ఒకటే మాట, ‘తప్పు’. పుస్తకానికి కాలు తగిలితే ‘తప్పు, కళ్లకద్దుకో’ అంటాం. అబద్ధమాడితే తప్పు, పక్కింటి జామకాయ కోస్తే తప్పు, తాతయ్యను ‘నువ్వు’ అంటే తప్పు. దారి తప్పడం, గురి తప్పడం, మాట తప్పడం అన్నప్పటి తప్పే ఇది కూడా. ఉండాల్సిన చోటి నుంచి పక్కకు జారడం అని దాని అర్థం. ఏ దారి నుంచి జారామో మాత్రం ఆ మాట చెప్పదు. అది చెప్పడానికి వేరే మాటలున్నాయి.

నిఘంటువు తెరిస్తే ఆ మాటల అర్థాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు కనిపిస్తాయి. వాటి పక్కన ఏ క్రియ వాడుతున్నామో చూడండి, తేడా తేటగా తెలుస్తుంది. నేరం మోపుతారు, రుజువు చేస్తారు. అంటే మోపేందుకు ఇంకొకరు ఉండాలి. పాపాన్ని ఎవరూ మోపనక్కర్లేదు, అదే చుట్టుకుంటుంది. మనమే మూటగట్టుకుంటాం, మనమే కడుక్కుంటాం. మర్యాద ఇచ్చి పుచ్చుకునేది, దానికి ఎదుటి మనిషి కావాలి. నీతి విషయానికొస్తే, ‘నీకు నీతి ఉందా?’ అని నిలదీస్తాం. ‘నీకు చట్టం ఉందా?’ అని ఎవరూ అడగరు. చట్టానికి లోబడతాం. అది మనిషికి బయట ఉండేది, నీతి లోపల ఉండేది. చదువురానివాళ్లు కూడా ఈ క్రియలను పొరపాటున తారుమారు చెయ్యరు.

మతం అంటే మొదట్లో అభిప్రాయమే. అభిమతం, సమ్మతం అనే మాటల్లో ఆ అర్థం ఇప్పటికీ ఉంది. ధర్మం ఇంకా విశాలమైనది. బిచ్చమూ ధర్మమే, ఊళ్లో ఉచితంగా వైద్యం చేసేది ధర్మాసుపత్రి, హైకోర్టులో తీర్పు చెప్పేది ధర్మాసనం. కాబట్టి ఆ మాటను ఒక్క మతానికే కట్టేయలేం.

సంస్కృతంలో మర్యాద అంటే హద్దు, గట్టు. సముద్రానికి చెలియలికట్టే మర్యాద. తెలుగులోకి వచ్చాక మెత్తబడి, అల్లుడికి చేసే మర్యాదల దాకా వెళ్లింది. కానీ కోపం వచ్చినప్పుడు ‘మర్యాదగా బయటికి నడు’ అంటాం చూడండి, అక్కడ పాత హద్దు మళ్లీ పైకి తేలుతుంది.

ఇక ‘వి’ సంగతి. అనీతి అంటే అ + నీతి, నీతి లేకపోవడం. అవినీతి అంటే అ + వినీతి. వినయం, వినీతుడు అనే మాటల్లోని ‘వి’యే ఇది. వినీతుడంటే శిక్షణ పొంది అణకువ నేర్చినవాడు. సంస్కృతంలో మచ్చిక చేసి నడక నేర్పిన గుర్రాన్ని కూడా వినీతమనే అంటారు. ఆ లెక్కన అవినీతుడంటే పెంపకం సరిగా లేనివాడు. అంటే అవినీతి పుట్టుకలో మర్యాదకు దగ్గరి మాట. ఇవాళ తెలుగులో అది లంచగొండితనం. 1988 నాటి అవినీతి నిరోధక చట్టంలోకి కూడా ఎక్కింది. కాబట్టి అనీతి, అవినీతి ఒకదాని బదులు ఒకటి వాడే మాటలు కావు. స్నేహితుణ్ని నమ్మించి మోసం చేయడం అనీతి. దాన్ని అవినీతి అంటే వినేవాళ్లు లంచం గురించే అనుకుంటారు.

అన్నీ చెప్పేది ఒకటేగా అన్నారు. కాదమ్మా, ఒక్కోసారి ఎదురెదురుగా నిలబడతాయి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వితంతువుకు పెళ్లి జరిపించారు. చట్టం అంతకు పాతికేళ్ల ముందే, 1856లోనే వచ్చింది కనుక అది నేరం కాదు. భర్త చనిపోయిన స్త్రీ మళ్లీ పెళ్లాడవచ్చని పరాశరస్మృతిలో శ్లోకం ఉందని బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఎత్తి చూపించారు, కనుక పాపమూ కాదు. అయినా ఆ పెళ్లికి వెళ్లినవాళ్లను వెలివేశారు. ఆచారం ఒప్పుకోలేదు. పెళ్లి చెయ్యకపోతే పంతులుగారిపై నేరం మోపేవారెవరూ లేరు, పాపం చుట్టుకుంటుందనే భయమూ లేదు, ఊళ్లో మర్యాదా దక్కేది. వాటన్నిటినీ కాదని ఆయన చేత ఆ పని చేయించినదాన్నే నేను నీతి అంటాను.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా మన ఊళ్లలోనే ఉంది. టీకొట్టులో దళితులకు విడిగా ఒక గ్లాసు ఉంచేవారు. తాగినవాళ్లే దాన్ని కడిగి పక్కన పెట్టి వెళ్లాలి. దాని పేరు ‘రెండు గ్లాసుల పద్ధతి’. ఆ ‘పద్ధతి’ అన్న మాట వినబడినప్పుడల్లా నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టం దాన్ని నేరంగా చూసి శిక్షలు పెట్టింది. ఆ తర్వాత కూడా చాలాచోట్ల అది ‘ఊరి పద్ధతి’గానే చలామణి అయింది. అనీతికి మర్యాద పేరు పెడితే చూసేవాళ్ల కంటికి ఆనదు. మీ టీచరు గీసిన ఎర్రగీతకు నేను అంత విలువ ఇచ్చేది అందుకే.

మీ అబ్బాయి వాక్యానికి వస్తే, పెద్దలు వచ్చినప్పుడు లేవకపోవడం అమర్యాద. కాళ్లనొప్పులతో లేవలేకపోతే అదీ కాదు. కులం అడిగి మరీ ఒక మనిషిని కూర్చోనివ్వకుండా నిలబెడితే, అక్కడ అనైతికం అని రాయమనండి. నేరం అని కూడా రాయొచ్చు.